పాడి పశువుల షెడ్డులో పనిచేసేవాళ్లకు దెబ్బలు, జబ్బులు తగ్గాలంటే ఏం చేయాలి?

డెయిరీ నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: “పనివాళ్లకి ఏ గ్లౌజులు కొనాలి, ఏ మాస్కు మంచిది?” కొన్నాళ్లకి ఇంకో ప్రశ్న వస్తుంది: “కొనిచ్చాం, కానీ వాడటం లేదు, ఏం చేయాలి?” రెండింటికీ నేను చెప్పేది ఒకటే. గ్లౌజుల దగ్గర మొదలుపెట్టకండి. తెల్లవారుజామున నిద్రకళ్లతో, తడి నేల మీద, తన్నే ఆవు పక్కన కూర్చున్న మనిషికి “జాగ్రత్త” అని చెప్పి వచ్చేస్తే భారమంతా అతని మీద వేసినట్టే. ముందు నేల, గేటు, మెషీన్, పని చేసే వరస మార్చండి. అవన్నీ చేశాక ఇంకా మిగిలే ప్రమాదానికి గ్లౌజులు, మాస్కులు.

ఐదు పశువులున్నా ఐదొందలున్నా ఇదే పద్ధతి. పనివాళ్లు లేకుండా మీరే పాలు పితుక్కుంటున్నా ఇది మీ కోసమే.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- షెడ్డు గుమ్మం దగ్గర వేలాడదీసిన నోట్‌బుక్, పెన్ను
- ప్రతి మనిషికీ సొంత సైజులో జారని గమ్ బూట్లు. ఒక జతను ఇద్దరు వాడకూడదు
- మూడు రకాల గ్లౌజులు: పాలు తీయడానికి పల్చటి నైట్రైల్‌వి, పశువు ఈనేటప్పటి పనికి (ఈత పనికి) భుజం దాకా వచ్చేవి, కెమికల్స్ కోసం మందపాటి రబ్బరువి
- కళ్లజోడు (పక్కలు కూడా మూసి ఉండేది), ప్లాస్టిక్ ఏప్రాన్, ఎన్95 మాస్కులు
- షెడ్డులోనే పారే నీళ్లు, సబ్బు
- సూదులు వేయడానికి మూత ఉన్న గట్టి డబ్బా
- ఫస్ట్ ఎయిడ్ పెట్టె: శుభ్రమైన గాజ్ గుడ్డ (గాయానికి వాడే పల్చటి నూలు గుడ్డ), బ్యాండేజి, కత్తెర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లు
- కరెంటు లైనుకి 30 మిల్లీఆంపుల ఈఎల్‌సీబీ లేదా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్)
- డాక్టరు, పశువుల డాక్టరు, అంబులెన్స్, ఎలక్ట్రీషియన్ నంబర్లు పెద్ద అక్షరాలతో గోడ మీద

అన్నీ ఒకేసారి కొనలేకపోతే బూట్లు, సబ్బు నీళ్లు, ఈఎల్‌సీబీ ముందు కొనండి.

1. పని జరుగుతున్నప్పుడే షెడ్డు చూడండి

తీరిక వేళ తిరిగితే ప్రమాదం కనపడదు. పాలు తీసే టైముకి, గడ్డి కోసే టైముకి, పేడ ఎత్తే టైముకి వెళ్లి పక్కన నిలబడండి. ప్రతి మనిషినీ విడిగా ఒక్కటే అడగండి: “ఈమధ్య ఎక్కడ కొద్దిలో తప్పింది?” జారబోయి గోడ పట్టుకున్నారు, తన్ను మోకాలి పక్క నుంచి పోయింది, వేలు మెషీన్ నోటి దాకా వెళ్లింది. ఇలాంటివన్నీ నోట్‌బుక్‌లో రాయండి: ఏ చోట, ఏ టైములో, ఏ పశువు దగ్గర. ఒకే చోటు పేరు మూడుసార్లు వచ్చిందంటే మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, చెప్పినవాళ్లని తిట్టడం. “చూసుకుని చేయొద్దా?” అని ఒక్కసారి అన్నారంటే ఆ నోట్‌బుక్ మళ్లీ నిండదు. చదవడం, రాయడం రానివాళ్లు ఉంటే వాళ్లు నోటితో చెబితే చాలు, మీరు రాయండి.

2. పశువు దగ్గర నిలబడే తీరు మార్చండి

షెడ్డులో దెబ్బల్లో పెద్ద భాగం తన్నులు, గుద్దులు, గోడకి నొక్కేయడాలు. వీటిలో చాలావరకు పశువు పొగరు వల్ల జరిగేవి కావు. భయం వల్ల, నొప్పి వల్ల జరుగుతాయి.

ఆవుకి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తన వెనక భాగం తప్ప. అక్కడి నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చి చెయ్యి వేస్తే తంతుంది. అందుకని భుజం వైపు నుంచి, మాట్లాడుతూ రండి. ముందు వీపు మీదో డొక్క మీదో అరచెయ్యి ఆనించి, తర్వాతే పొదుగు దగ్గరికి దించండి. ఆవు కాలు వెనక్కే కాదు, ముందుకి, పక్కకి కూడా తిప్పి కొడుతుంది. కాబట్టి పక్కన ఉన్నాం కదా అని ధీమా వద్దు. కాస్త దూరంలో నిలబడటం కంటే బాగా దగ్గరగా ఆనుకుని ఉండటమే మేలు. తన్ను ఊపు అందుకోకముందే తగిలితే దెబ్బ చిన్నదవుతుంది.

పితికేవాళ్లకి ఈ గుర్తులు నేర్పండి. తన్నబోయే ముందు చెవులు వెనక్కి వాలతాయి. తోక బిగుసుకుంటుంది లేదా విసురుగా కొడుతుంది. బరువంతా ఒక కాలి మీదికి జరుపుకుంటుంది. డొక్కకి తల ఆనించి పితికే అలవాటున్నవాళ్లకి చర్మం కింద కండ బిగియడం ముందే తెలుస్తుంది. ఆ క్షణంలో చెయ్యి తీసి లేచి నిలబడాలి, అరవకూడదు, కొట్టకూడదు. కొట్టిన ఆవు రేపు ఇంకా ముందే తంతుంది.

ఇదివరకు తన్నని ఆవు ఇప్పుడు తంతుంటే చన్లు పగిలాయేమో, పొదుగువాపు వచ్చిందేమో చూడండి. వైద్యం చేయిస్తే తన్నడం మానేస్తుంది, కాళ్లు కట్టాల్సిన పని ఉండదు. తొలిచూలు ఆవులని ఈనడానికి కొన్ని వారాల ముందు నుంచే పాలు తీసే చోటికి తీసుకెళ్లి, పొదుగు తాకి అలవాటు చేయండి.

నేరుగా కఠినంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి:

- తాడు, పలుపు చేతికి చుట్టుకోకండి. పశువు బెదిరి లాగితే వేళ్లు తెగిపోతాయి, మనిషిని ఈడ్చుకుపోతుంది. మడిచి పట్టుకోండి, వదిలేయడానికి వీలుండాలి.
- ఇంజెక్షన్, గిట్టలు కోయడం, చూడి పరీక్ష, ఇవన్నీ బోనులో పెట్టాకే. “ఒక్క నిమిషం పనే కదా” అనుకుని బయట చేసినప్పుడే దెబ్బలు తగులుతాయి.
- అప్పుడే ఈనిన తల్లికీ దూడకీ మధ్యలోకి వెళ్లొద్దు. ఎంత సాధువైన ఆవైనా ఆ రెండు మూడు రోజులు వేరు.
- ఆబోతుని ఎప్పుడూ నమ్మొద్దు. చిన్నప్పటి నుంచి చేత్తో పెంచింది ఇంకా ప్రమాదం, దానికి మనిషంటే భయం ఉండదు. తల దించి, పక్కకి తిరిగి ఒళ్లంతా చూపిస్తూ నిలబడినా, కాలితో నేల గీకినా అది హెచ్చరికే. వీపు చూపించకుండా, పరుగెత్తకుండా వెనక్కి జరగాలి. ఆబోతు ఉన్న చోటికి ఒంటరిగా పోకూడదు. వీలైతే ఆబోతుని పెంచడం మానేసి కృత్రిమ గర్భధారణకి మారండి, ప్రమాదమే ఉండదు.

పశువులని మూసిపెట్టే ప్రతి చోటా మనిషి దూరి బయటపడే సందు ఒకటి ఉంచండి. దాదాపు 35 సెంటీమీటర్ల వెడల్పుంటే మనిషి పక్కకి తిరిగి దాటగలడు, పెద్ద పశువు దాటలేదు. ఈ ఒక్క సందుకి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

3. గడ్డి కోసే మెషీన్‌కి అడ్డు పెట్టండి

చాఫ్ కట్టర్ నోట్లోకి గడ్డి తోసేటప్పుడు చివరి గుప్పెడు దగ్గరే వేళ్లు పోతాయి. రోలర్లు గడ్డిని పట్టేస్తాయి, గడ్డిలో చిక్కుకున్న చెయ్యిని కూడా అలాగే పట్టేస్తాయి. అందుకే గడ్డి పెట్టే తొట్టి చెయ్యి రోలర్ల దాకా అందనంత పొడవుండాలి, పైన కప్పు ఉండాలి. చివరి గడ్డి తోయడానికి చెక్క కర్ర ఒకటి తాడుతో మెషీన్‌కే కట్టి ఉంచండి. విడిగా పెడితే మూడో రోజుకి కనపడదు.

చక్రానికి, బెల్టుకి జాలీ కప్పండి. పని అయ్యాక చక్రం తిరగకుండా పిన్ను వేయండి, పిల్లలు ఆడుతూ తిప్పి వేళ్లు పోగొట్టుకోవడం మామూలుగా జరిగేదే. గడ్డి ఇరుక్కుంటే స్విచ్ కట్టేయడం సరిపోదు. ప్లగ్గు పీకి, చక్రం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి.

ట్రాక్టర్ పీటీఓ షాఫ్ట్ (ఇంజన్ నుంచి మెషీన్‌కి శక్తి అందించే తిరిగే కడ్డీ) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 9. బట్ట చివర తగిలితే వెనక్కి లాక్కునే టైము ఉండదు. కవరు లేని షాఫ్ట్‌తో పని మొదలుపెట్టొద్దు, తిరుగుతున్న షాఫ్ట్ దాటొద్దు. మెషీన్ల దగ్గర మెడలో తువ్వాలు, వేలాడే కొంగు, విరబోసిన జుట్టు, గాజులు, ఉంగరాలు ఉండకూడదు.

వేలు తెగితే: గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. తెగిన వేలిని తడి గాజ్ గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి మూసి, ఆ కవరుని ఐసు నీళ్లలో ఉంచి మనిషితోపాటు పంపండి. వేలిని నేరుగా ఐసులో పెడితే పాడైపోతుంది.

4. పేడ గుంత, పాతర గడ్డి

ఈ అంచెని రెండుసార్లు చదవండి. ఇక్కడ పొరపాటు జరిగితే ఒక ప్రాణంతో ఆగదు.

మూసిన పేడ గుంతలో, బయోగ్యాస్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఊరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. దాదాపు 100 పీపీఎం (గాలిలో పది లక్షల్లో వంద వంతులు) దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన తెలియదు. అందుకే “వాసన తగ్గింది, ఇక దిగొచ్చు” అనే మాట చాలా ప్రమాదం. ఇంకా ఎక్కువైతే రెండు మూడు శ్వాసల్లో మనిషి పడిపోతాడు. పేడని కలిపేటప్పుడు, పంపు చేసేటప్పుడు గ్యాస్ ఒక్కసారిగా పైకి వస్తుంది.

- గుంతలోకి మనిషి దిగే అవసరమే లేకుండా పంపు, పొడవాటి గరిటె, హోస్ పైపు వాడండి. తప్పనిసరి అయితే గాలి సరఫరా, గ్యాస్ మీటరు, నడుముకి తాడు, పైన సిద్ధంగా మనుషులు ఉన్న శిక్షణ పొందిన బృందంతో చేయించండి. గుడ్డ మాస్కు, ఎన్95 ఏ గ్యాస్‌నీ ఆపవు.
- పేడ కలిపేటప్పుడు షెడ్డు తలుపులన్నీ తీసి, మనుషులని, పశువులని బయటికి పంపండి.
- మీథేన్ అనే మండే గ్యాస్ కూడా ఉంటుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్, వెల్డింగ్ వద్దు.
- లోపల ఎవరైనా పడిపోతే దిగొద్దు. కాపాడబోయిన తమ్ముడు, తండ్రి, పక్కవాడు ఒకరి తర్వాత ఒకరు చనిపోయేది ఇలాగే. ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి, పై నుంచి గాలి కొట్టించండి.

పాతర గడ్డి, అంటే సైలేజ్ వేసిన మొదటి మూడు వారాలు, ముఖ్యంగా మొదటి కొద్దిరోజులు, నైట్రోజన్ డయాక్సైడ్ రావచ్చు. పసుపు, ఎర్ర గోధుమ రంగు పొగ, బ్లీచింగ్ లాంటి వాసన దాని గుర్తులు. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోయినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాబట్టి పీల్చినవాళ్లని బాగున్నా సరే ఆస్పత్రికి పంపండి. ఎత్తుగా పేర్చిన సైలేజ్ గోడ చెప్పాపెట్టకుండా కూలుతుంది. అడుగు నుంచి తవ్వి గుహలా చేయొద్దు, గోడ ఎత్తుకి మూడింతల దూరంలో ఉండండి.

బూజు పట్టిన ఎండుగడ్డి విదిలించినప్పుడు దుమ్ము పీలిస్తే నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలిజ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. జలుబు అనుకుని వదిలేస్తారు. మళ్లీ మళ్లీ వస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడతాయి. గడ్డిని ఆరిన తర్వాతే నిల్వ చేయండి, బూజు పట్టింది పారేయండి, విప్పేటప్పుడు కాస్త తడిపి, ఎన్95 పెట్టుకుని ఆరుబయట విప్పండి.

5. నేల, కరెంటు

నున్నటి సిమెంటు నేల మీద గాడులు కోయించండి, పాలు తీసే చోట రబ్బరు మ్యాట్లు వేయండి. నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి. దీనివల్ల మనుషులతోపాటు పశువులు కూడా జారి పడటం తగ్గుతుంది.

తడి షెడ్డులో మోటారు, మిల్కింగ్ మెషీన్, గీజరు అన్నీ ఎర్తింగ్‌తో, 30 మిల్లీఆంపుల ఈఎల్‌సీబీ మీద ఉండాలి. స్విచ్‌లు నీళ్లు చిమ్మని ఎత్తులో పెట్టించండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోకపోతే ఆ రోజే మార్పించండి. ఆవులు నీళ్ల తొట్టి దగ్గరికి రావడానికి జంకుతున్నా, పాలు తీసేటప్పుడు ఉన్నట్టుండి ఎగిరిపడుతున్నా లీకేజీ కరెంటు అనుమానించండి. మనకంటే ముందు వాటికి తెలుస్తుంది.

6. పశువు నుంచి మనిషికి వచ్చే జబ్బులు

అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఈతల దగ్గర. మాయ పడకపోతే ఉత్త చేత్తో లాగేస్తారు. ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) దూడని ఉత్త చేత్తో ఎత్తి పెంటలో వేస్తారు. బ్రూసెల్లోసిస్, అంటే ఈసుడు రోగం, క్యూ ఫీవర్ వ్యాపించేది అక్కడే. చేతి మీది చిన్న గీత చాలు, కంట్లో చిందినా చాలు. మనిషికి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు, నడుం నొప్పి ఉంటాయి. నెలల తరబడి మలేరియా, టైఫాయిడ్ మందులు వాడుతూ గడిపేస్తారు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి మాటగా “నేను పశువుల దగ్గర పనిచేస్తాను” అని చెప్పమనండి. బ్రూసెల్లోసిస్ చికిత్స మామూలుగా ఆరు వారాలు, రెండు రకాల మందులతో. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

ఈత పని ఇలా చేయండి: భుజం దాకా గ్లౌజులు, ఏప్రాన్, కళ్లజోడు, మాస్కు. మాయని, ఈసుకుపోయిన పిండాన్ని లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి, కుక్కలకి అందకూడదు. నేల కడిగి క్రిమిసంహారకం పోయండి. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. గర్భిణులని ఈ పనికి అసలు పెట్టొద్దు.

మిగతావి క్లుప్తంగా, కానీ ఏదీ వదిలేయదగింది కాదు:

- పిచ్చికుక్క వ్యాధి. ఆవు చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టి వెతుకుతారు. పెట్టొద్దు, రేబిస్ కావచ్చు. చొంగ తగిలితే పారే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్లాలి. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకి మందు లేదు.
- దొమ్మ రోగం (ఆంత్రాక్స్). పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు, నోరు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే కోయొద్దు, చర్మం తీయొద్దు, పశువుల డాక్టరుకి చెప్పండి.
- లెప్టోస్పైరోసిస్. పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రటి కళ్లు. బూట్లు లేకుండా మురుగులో దిగకూడదు, దాణా గదిలో ఎలుకలని అరికట్టాలి.
- పచ్చి పాలు. బ్రూసెల్లా, క్షయ దీని ద్వారా కూడా వస్తాయి. పనివాళ్లు షెడ్డులోనే పచ్చి పాలు తాగే అలవాటు మాన్పించి కాచి ఇవ్వండి.
- కళ్లు. 2024లో అమెరికాలో పాడి ఆవులకి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్టు బయటపడింది. సోకిన పనివాళ్లలో ఎక్కువగా కనిపించింది కళ్లు ఎర్రబడటమే, ఆ ఆవుల పాలలో వైరస్ బాగా ఉంటుంది. పాలు చిమ్మే చోట కళ్లజోడు వృథా ఖర్చు కాదు.

టెటనస్ టీకా పదేళ్లకోసారి అందరికీ వేయించండి.

7. మందులు, కెమికల్స్

పైపులైను కడిగే యాసిడ్‌నీ, క్లోరిన్ ఉన్న పౌడర్‌నీ ఒకే బకెట్‌లో కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రెండింటికీ వేరే రంగు బకెట్లు పెట్టండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా కడిగి ఆస్పత్రికి. తాగునీటి సీసాల్లో ఏ కెమికల్ కూడా పోసి ఉంచొద్దు. గిట్టల తొట్టికి ఫార్మలిన్ వాడుతుంటే గాలి ఆడే చోటే కలపండి, వీలైతే దాన్ని మానేయండి, అది క్యాన్సర్ కారకం.

సూది గుచ్చుకోవడం చిన్న విషయం కాదు. బ్రూసెల్లా ఎస్19 టీకా బతికున్న క్రిమి, గుచ్చుకుంటే మనిషికే జబ్బు వస్తుంది. నూనె కలిపిన టీకాలు గుచ్చుకుంటే పైకి చిన్న చుక్కలా ఉన్నా లోపల వేలు కుళ్లిపోవచ్చు, ఆ సీసా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పశువులకి వేసే యాంటీబయాటిక్ టిల్మికోసిన్ మనిషి గుండె మీద పనిచేస్తుంది, విరుగుడు లేదు, మనుషులు చనిపోయారు కూడా. దాన్ని పశువుల డాక్టరే వేయాలి. ఎదకి తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తాయి, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. వాడిన సూదికి మూత పెట్టబోయినప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో వేయండి.

8. నడుము, మణికట్టు, ఎండ, నిద్ర

చేత్తో పితికేవాళ్లకి మణికట్టు నొప్పి, రాత్రిళ్లు వేళ్ల తిమ్మిరి వస్తాయి. తిమ్మిరితో నిద్రలో మెలకువ వస్తోందంటే నరం నొక్కుకుపోతోందని. పని తగ్గించి డాక్టరుకి చూపించాలి. గొంతుక్కూర్చోవడం బదులు చిన్న పీట ఇవ్వండి, వరసగా ఒకరే పితక్కుండా మధ్యలో దాణా పనికి మార్చండి. 50 కిలోల బస్తా ఒక్కరూ ఎత్తకూడదు, ఇద్దరు పట్టాలి లేదా తోపుడుబండి. పాల క్యాను నింపే ముందే బండి మీద పెట్టండి.

ఎండలో పని అంటే 15–20 నిమిషాలకి ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసేదాకా ఆగకుండా. తడబడుతూ మాట్లాడుతున్నా, అయోమయంగా ఉన్నా వడదెబ్బే. నీడకి తెచ్చి ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి కొడుతూ అంబులెన్స్ పిలవండి. రాత్రి ఈత చూసిన మనిషిని పొద్దున్నే చాఫ్ కట్టర్ దగ్గర పెట్టకండి.

9. ఒకసారి నాటకంలా చేయించండి

“ఇప్పుడు రాములుకి షాక్ కొట్టింది” అనుకుని అందరితో చేయించండి. మెయిన్ ఎవరు ఆపుతారు, ఫోన్ ఎవరు చేస్తారు, అంబులెన్స్‌కి దారి ఎవరు చూపిస్తారు? మొదటిసారి అందరూ మనిషి దగ్గరికే పరుగెడతారు, మెయిన్ దగ్గర ఎవరూ ఉండరు. అది అప్పుడే బయటపడటం మంచిది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదటి నెలల్లో నోట్‌బుక్‌లో రాతలు పెరిగితే కంగారుపడకండి, మీ మీద నమ్మకం కుదిరిందని అర్థం. కొద్దిలో తప్పినవి రాస్తూనే ఉన్నా అసలు దెబ్బలు తగ్గుతున్నాయా, అది చూడండి. నోట్‌బుక్ పూర్తిగా ఖాళీగా ఉంటేనే అనుమానించాలి.

గ్లౌజులు నెలాఖరుకి ఎన్ని ఖర్చయ్యాయో లెక్కపెట్టండి. పెట్టె నిండుగా ఉందంటే సైజు సరిపోలేదో, దూరంగా ఉందో, చెమట పడుతోందో అడగండి. సబ్బు అరగకపోతే చేతులు కడగడం లేదన్నమాట. మూడు రోజులు దాటిన జ్వరాలు, ఎవరికి వచ్చాయి, ఆ నెలలో ఏ ఆవు ఈసుకుపోయింది, పక్కపక్కన రాసి చూడండి.

చివరగా, అందరికంటే కొత్తగా చేరిన మనిషిని పిలిచి మూడు అడగండి: కరెంటు మెయిన్ ఎక్కడుంది, పేడ గుంతలో ఎవరైనా పడితే ఏం చేస్తావు, సూది గుచ్చుకుంటే ఎవరికి చెబుతావు? తడుముకుంటే ఆ రోజు సాయంత్రం పాలు తీశాక మళ్లీ నేర్పండి, వారం తర్వాత అవే మూడు మళ్లీ అడగండి.